పని చేసిన పేరు

శుక్రవారం, అబూ హలీఫా

నెలలు నిండకుండా పుట్టిన మనవడు ఇరవై రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండి ఈ రోజు ఇంటికి వచ్చాడు. అమ్మాయి ఫోన్‌లో పేర్లు వెతుకుతోంది.

"నాన్నా, యిడ్డిష్ మాట్లాడే యూదులు జబ్బు పిల్లాడికి ఆల్టర్ అని పెట్టేవారంట. అంటే ముసలాడు. చావు వచ్చినా, ఇక్కడ పసివాడు లేడనుకుని వెళ్లిపోద్దంట. మరి నీకు పెంటయ్య అని ఎందుకు పెట్టారు?"

గల్ఫ్‌కొచ్చాక ఆ పేరు దాచాను; సబ్హాన్‌లో నేను పనిచేసే గోడౌన్‌లో పదిహేనేళ్లుగా అందరికీ నేను రావునే. పేరు వెనక సంగతి ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఈ రోజు చెప్పాను. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పోయారు. నన్నైనా దక్కించుకోవాలని అమ్మ నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డను తెచ్చుకున్నట్టు ఎత్తుకొచ్చి ఆ పేరు పెట్టింది.

అమ్మాయి ఫోన్ పక్కన పెట్టేసింది. "అయితే అది పని చేసిన పేరు నాన్నా. బారసాలలో ఏం పెట్టినా, ఇంట్లో వీడు పెంటయ్యే," అంది.

బళ్లో పిల్లలు ఏడిపిస్తే ఎలా అన్న భయం ఇంకా ఉంది. పక్క గదిలో అల్లుడు ఉన్నాడు, అతని ముందు ఆ పేరు పలకాలంటే నాకు నామోషీ. అయినా మనవణ్ణి ఒళ్లోకి తీసుకుని, గొంతు తగ్గించకుండా, "పెంటయ్యగారూ, ఇక పడుకోండి," అన్నాను.