తిన్న బిడ్డా

కరీంనగర్, 1966. సోమవారం రాత్రి.

యూనివర్సిటీ నుంచి పోషకాహార శిక్షణకు వచ్చి, ఇవాళ మొదటిసారి ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టాను. ముసలి ఎల్లవ్వ మంచం దగ్గర కూర్చుని, "పొద్దుగాల తిన్నవా అవ్వా?" అని అడిగాను.

"తిన్న బిడ్డా," అంది నవ్వుతూ. నమ్మి పక్క మంచానికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది.

"దవాఖాన బువ్వంత నా పిల్లలకే పెడ్తది," అంది ఆమె కూతురు. "అడిగితె తినలేదంటరా ఎవలన్న?"

నిజమే, మా వైపు ఎవరూ తినలేదనరు. "ఏం తిన్నవు" అని అడగాల్సింది. మా శిక్షణ చూసే మేడమ్ కూడా అదే అన్నారు.

నిద్ర పట్టనిది మాత్రం అందుకు కాదు. సెలవుల్లో నాకు వడ్డించి, గిన్నె మూసేసి, మా అవ్వ అనేదీ ఎల్లవ్వ అన్న మాటే: "తిన్న బిడ్డా." ఆమె తింటుంటే చూసిన జ్ఞాపకం ఒక్కటీ రావడం లేదు.