దీపాల చేప సీసా

చిట్టితల్లికి, నాన్న దీవెనలు.

ప్రభువు దయవల్ల ఇక్కడ ఇద్దరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. నన్ను తిడుతూనే మెట్లెక్కుతోంది కాబట్టి తగ్గినట్టే. కుట్టుమిషనుకు కొత్త బెల్టు వేయించాను. స్కూలు యూనిఫారాలు చేతినిండా ఉన్నాయి.

ఇక మూడో ప్రశ్న. రైలు తొందరలో అలమరలో మరిచిపోయిన చేప సీసా భద్రమేనా అన్నావు. వచ్చే నెల నీ పరిశోధన చూసే మీ సారు ముందు పెట్టాలన్నావు. ఆయన పాత రకమే అంటున్నాడు. నువ్వేమో కొత్త రకం, ఆ చేపల కుటుంబంలో ఇంతవరకూ ఎవరూ చూడని చెల్లెలంటున్నావు. రుజువుకు వలలో దొరికింది అదొక్కటే.

నాకు చూపించాలనే కదా అంత దూరం మోసుకొచ్చావు! చిటికెనవేలంత చేప, పొట్ట కింద వరసగా చుక్కలు. "ఇవి దీపాలు నాన్నా. అంత లోతులో, కిందనుంచి చూసే శత్రువుకి దీని నీడ కనపడదు. పైనుంచి వచ్చే కాస్త వెలుతురులో కలిసిపోతుంది," అన్నావు. దాక్కోవడానికి వెలుగా! నువ్వు మురిసిపోతూ చెబుతున్నావు, నాలో ఆదివారం ప్రసంగం ఉడుకుతోంది.

నువ్వు వెళ్లాక వచ్చిన ఆదివారం సీసా సంచిలో పెట్టుకుంటే అమ్మ అడ్డుపడింది.

"పిల్ల సీసా ఎక్కడికయ్యా?"

"దేవుని పనికి."

"ఆయనకి చేపలు తక్కువయ్యాయా? సముద్రమంతా ఆయనదేగా!"

నేను వినలేదు. మోకాలి నొప్పితో అమ్మ ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయింది. ప్రార్థన కూటంలో సీసా పైకెత్తి, వేషధారి వెలుగు ఇదిగో అని గర్జించాను. జనం "ఆమేన్" అని కేక వేశారు. ఆ కేకకు ఒళ్లు తెలియలేదమ్మా. నేలకేసి కొట్టాను. చెప్పుకాలితో తొక్కాను.

తర్వాత ఊడ్చే ఆవిడ గాజుపెంకులతో పాటు దాన్నీ ఎత్తిపోస్తూ, "ఇంత చిన్నదాని మీద అంత కోపమేంటయ్యగారూ?" అంది.  సృష్టిలో అయిదో రోజున దేవుడు నీళ్లలో ఈదేవాటన్నిటినీ చూసి మంచివన్నాడని వందసార్లు బోధించిన నోటితోనే దాన్ని వేషధారి అన్నాను.

సీసా కూటం బీరువాలో భద్రంగా ఉందని అమ్మకు అబద్ధం చెప్పాను. ఎదురైనవాళ్లు ఇంకా ఆ ప్రసంగాన్ని పొగుడుతున్నారు. తల వంచుకుని వెళ్లిపోతుంటే వినయం అనుకుంటున్నారు.

తప్పు నీది కాదని మీ సారుకు రాసిన కాగితం ఇందులోనే పెట్టాను. దానివల్ల చేప తిరిగి రాదని తెలుసు. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు.

రేపు ఆదివారం, అమ్మ ముందు వరసలో కూర్చుని ఉండగా, ఈ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా కూటంలో చదువుతాను. చదివాకే పోస్టులో వేస్తాను. నీ చేతికి అందిందంటే, చదివానని అర్థం.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని
నాన్న