అరికాలి చుక్క

మే 12, సోమవారం
రూబీ మొదటి రోజు. పదిహేడేళ్ల పిల్ల, చంకలో ఏడు నెలల కొడుకు. వీడు కడుపులో పడ్డాక బడి మానేసిందట. ఈ దేశంలో ఇలాంటి పిల్లతల్లుల కోసమే ఉన్న బడి ఇది... వాళ్లు క్లాసులో, పిల్లలు నేను చూసుకునే గదిలో.
"ఏడిస్తే పిలువు ఆంటీ," అని మూడుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లింది.

మే 13
వాడి పేరు ఓలీ. బుగ్గలు చూస్తే కొరకాలనిపిస్తుంది. ఇంట్లో చెబితే ఆయన నవ్వారు. "ఏడో క్లాసు దాటలేదు నువ్వు. బడి మానేసినోళ్లను బడికి పంపుతున్నవా?"
నవ్వనీ. మా అమ్మాయి శ్రావ్య పోయాక ఈ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లయిందో.

మే 15, గురువారం
లెక్కల్లో రూబీకి అన్నీ రైటు. కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "చూడు ఓలీ, మమ్మీ ఎన్ని చేసిందో!" వాడు కాగితం నోట్లో పెట్టుకున్నాడు. అందరూ వాళ్లిద్దరినే చూస్తున్నారు. రూబీ క్లాసుకి వెళ్లగానే నా చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది. కాటుక. వాడి అరికాలికి చిన్న చుక్క పెట్టి సాక్సు తొడిగేశాను.
శ్రావ్యకు పంతొమ్మిదేళ్లొచ్చినా పెట్టేదాన్ని. "కితకితలమ్మా" అని కాలు లాక్కునేది. ఆ చివరి పొద్దున టైం లేదంది. కారు తీసుకుని వెళ్లిపోయింది.

మే 16
రూబీ రాలేదు.

మే 19
రాలేదు. టీచరు హెలెన్ చెప్పింది — రూబీ స్నానం చేయిస్తూ వాడి అరికాలి నలుపు చూసి దెబ్బ అనుకుందట. రుద్దితే పోయింది, భయం పోలేదు. పిల్లవాణ్ని సరిగ్గా పెంచుతోందా అని వారం వారం పిల్లల సంక్షేమ ఆఫీసు మనిషి వచ్చి చూస్తుంది. "మచ్చ కనిపిస్తే నన్నే అడుగుతారు, వాణ్ని ఇక పంపను" అందట.
నేనే పెట్టానన్నాను. హెలెన్ అడిగింది: "అడగకుండా ఎందుకు పెట్టావు?"
అడగాలని తట్టనే లేదు.

మే 20
ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నంలోగా రాకపోతే సీటు వేరే అమ్మాయికి ఇస్తారట. ఇక్కడికి రాకముందే రూబీ బడి ముఖం చూసి ఏడాది పైన అయింది. ఇప్పుడు పోతే మళ్లీ రాదు.
ఆయన: "దిష్టి తగలొద్దని పిల్ల చదువుకే దిష్టి పెట్టినవ్ గదనే." నా ముఖం చూసి లేచి టీ పెట్టారు. "రేపు నేను దింపుత. కారుల కూసుంట, నువ్వు మాట్లాడిరా."

మే 21
హెలెన్‌తో రూబీ ఫ్లాట్‌కి. రూబీ తలుపు గొలుసు తియ్యలేదు. సందులోంచి మాట్లాడింది. దారంతా ఇంగ్లిషులో కూడబలుక్కున్నదే చెప్పాను — దెబ్బ కాదు. చెడు చూపు తగలకుండా పెడతాం. నిన్ను అడగాల్సింది. తప్పు నాది.
"నీ పిల్లలకూ పెట్టావా?"
"ఒక్కతే కూతురు. పెట్టాను."
"పనిచేసిందా?"
హెలెన్ తల దించుకుంది. రూబీకి తెలియదు కదా.
"ఒక్కరోజు పెట్టలేదు," అన్నాను.
సందులోంచి ఓలీ వేళ్లు బయటికొచ్చాయి. చెయ్యి చాపబోయి ఆగాను.
"పట్టుకోవచ్చా?"
తల ఊపింది. గొలుసు మాత్రం అలాగే ఉంది.

మే 26
గడ్డి మీద మంచు, ఇక్కడ మే అంటే చలికాలం ముంగిలి. రాలేదు.

మే 28
రాలేదు. కాటుక డబ్బీ సంచిలోంచి తీసి శ్రావ్య ఫొటో పక్కన పెట్టాను.

మే 30, శుక్రవారం
పదకొండున్నర, గడువుకి ఇంకా అరగంట. పిల్లలు పడుకున్నారు. కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను.
రోడ్డు అవతల రూబీ. పిల్లల బండిలో ఓలీ. ఎంతసేపటి నుంచి నిలబడిందో... దాటడం లేదు. వాడి ఒక సాక్సు జారి వేలాడుతోంది, పాదం చలికి ఎర్రబడి ఉంటుంది. పరుగెత్తుకెళ్లి తొడగాలని ప్రాణం కొట్టుకుంటోంది.
వెళ్లను.
రూబీ వంగింది. తనే తొడుగుతోంది.