పీఠం పక్కన చప్పట్లు

ఆదివారం, రాత్రి

చర్చిలో పూజ మధ్యలో చప్పట్లు కొట్టారు. ఇంకా ఒళ్లు మండుతోంది.

తెలంగాణ కోసమని ప్రాణం తీసుకున్న మా ఊరి రాయప్ప కొడుకు ఆత్మశాంతికి పూజ పెట్టించారు. అంతవరకు సరే. కోరుట్ల నుంచి వచ్చిన నాయకుడికి ఫాదర్ మైకెందుకివ్వాలి? ఆ నాయకుడు బలిపీఠం పక్కన నిలబడి, "మా తమ్ముడు చావలే, అమరుడైండు. ఇసొంటోళ్లు ఇంటికొక్కలు కావాలె" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఈ చర్చిలో బోధ చెప్పే ఉపదేశిని, ఆగలేక లేచాను. "ప్రాణం దేవుడిచ్చింది సారూ. పిల్లగాని కోసం ప్రార్థన చేద్దాం. గని గిట్ల చావుమని చర్చిల చెప్పద్దు."

"ఉపదేశివై ఉండి ఆంధ్రోళ్ల దిక్కు మాట్లాడుతవా?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. మొన్న రాస్తారోకోలో వాడి పక్కనే కూర్చున్నాను! ఫాదర్ తల దించుకున్నారు. పార్టీలకు జడిసే చోట పాపాన్ని పాపమని ఇక ఎవరు చెబుతారు?

బయట రాయప్ప భార్య నా చెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను.

"అన్నా, గా మాట మా బిడ్డకు గూడ చెప్పు. వాళ్లన్న ఫోటో ముంగటకెల్లి లేస్తలేదు" అంది.

వాళ్లింటికి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ఉపదేశం పక్కన పెట్టి కంచం ముందుకు జరిపాను.

"రా బిడ్డా, ఇంత బువ్వ తిందాం" అన్నాను. లేచింది, తిన్నది.

రేపు జగిత్యాలలో అదే నాయకుడి సభ. కాలేజీ పిల్లలందరినీ తీసుకెళ్తారట.