పద్నాలుగులోంచి తీసివేత

ఒరేయ్ హెరోన్,

ఎర్రరంగు కాగులోకి పులుపుకి నిమ్మకాయలు దొరకలేదంటే, "అమ్మోనియా నీళ్లు పొయ్యక్కా, పీహెచ్ రెండు పాయింట్ తొమ్మిది, అచ్చం నిమ్మరసమే" అని ఒహాకా కాలేజీ నుంచి లెక్క కట్టి పంపావు. కళ్లు మండుతున్నా నీ చదువును నమ్మి పోశాను. పెళ్లికూతురి ఎర్ర దుప్పటి కాస్తా ఊదారంగుకి తిరిగింది. వాళ్లమ్మ ఫిదెన్సియా ఆ చావింటి రంగు చూసి, "ఎవరు పోయారే తల్లీ?" అంది.

నీ కాగితం బడి మేష్టారికి చూపించాను. సమతాస్థితి స్థిరాంకం సరిగ్గానే వేశావట, వర్గమూలమూ సరేనట. కానీ వచ్చింది హైడ్రాక్సైడ్ లెక్కట. దాన్ని పద్నాలుగులోంచి తీసేస్తేనే పీహెచ్, పదకొండు పాయింట్ ఒకటి. ఆమ్లం కాదురా, క్షారం!

ఆదివారం రా. కొత్త దుప్పటి రంగుకి నాగజెముడు మీది ఎర్రపురుగులన్నీ నువ్వే ఏరాలి. చలేస్తే కప్పుకోవడానికి ఊదాది నీకే ఉంచాను.

నీ అక్క