ఇసుకలో గొడుగు

మే 4

తిన్నవా, పన్నవా. ఇవాళ కూడా ఫోన్‌లో ఐలేశ్ అడిగినవి ఆ రెండే. పెళ్లయి మూడేళ్లు. అందులో రెండేళ్లు దుబాయ్ అవతల ఎడారిలో, పిట్టల ఫారంలో పని. తిన్నాను, పడుకుంటున్నాను అంటే పెట్టేస్తాడు. జూన్ పదికి లీవ్. ఇంకా ముప్పై ఏడు రోజులు.

మే 9, మధ్యాహ్నం

గోదావరి ఇసుకలో మా దోసపాదులకు నీళ్లు పోయడానికి వెళ్లాను. పాదుల చివర తీతువు గుడ్లు నాలుగు, గూడూ గీడూ లేకుండా గులకరాళ్ల నడుమ. మహదేవపూర్‌లో ఇవాళ నలభై అయిదు. ఆ ఎండలో పిట్ట గుడ్ల మీద నిలబడి ఉంది, నోరు తెరిచి, గొంతు గబగబా ఆడిస్తూ. ఇంకా పొదగడమేంటి దీని మొహం, గుడ్లు ఉడికిపోవూ?

అత్తమ్మకు చెప్పాను. తీతువ జోలికి పోకు, దాని కూత మంచిది గాదు, కొడుకు దూరదేశంల ఉన్నడు అని తిట్టింది.

మే 10

ఆగలేదు. పాత గొడుగు తీసుకెళ్లి గుడ్ల మీద నీడ పడేలా గుచ్చి వచ్చాను. గొప్ప పని చేసినట్టు ఐలేశ్‌కు ఫొటో పెట్టాను.

వెంటనే ఫోన్. సుమా, పిచ్చి లేసిందా, జల్ది గొడుగు తియ్యి, పిట్ట బెదిరి దగ్గరికి రాదు, గుడ్లు ఖరాబైతయి అని అరిచాడు. అరుస్తూనే అన్నీ చెప్పుకొచ్చాడు. పిట్టలకు చెమట పట్టదట. నోరు తెరిచి గొంతు ఆడించేది అందుకే. గుడ్ల మీద నిలబడేది వేడి కోసం కాదు, నీడ పట్టడానికి. అక్కడి ఎడారి పిట్టలదీ ఇదే పని.

ఉరికాను. నిజమే, పిట్ట దూరంగా అరుస్తూ తిరుగుతోంది. గొడుగు పీకేసి పాదుల చాటున కూచున్నాను. కాసేపటికి నీళ్లవైపు నుంచి రెండోది వచ్చింది. కడుపు ఈకలన్నీ తడి. ఆ తడితోనే గుడ్ల మీద కూచుంది. ఫోన్ చేసి చెబితే, గుడ్లు చల్లబడాలని తడుపుకొస్తయి, ఆడిది మొగది వంతులేసుకుంటయి అన్నాడు.

పదకొండు నిమిషాలు మాట్లాడాడు. తిడితే తిట్టాడు గానీ, ఎంత బాగుందో!

మే 22

రోజూ పిట్ట ఫొటో పెడుతున్నాను. రోజూ ఫోన్. తిన్నవా అని అడగడమే మరిచిపోయాడు.

జూన్ 3

లీవ్ క్యాన్సిల్. ఉక్కకు పిట్టలు చస్తున్నాయని సెప్టెంబర్ దాకా ఎవరినీ పంపనన్నాడట మేనేజర్. ఇక్కడ నేను చావనా? పిట్టల్నే పెండ్లి చేసుకోకపోయినవా అని అరిచి కట్ చేశాను. భూపాలపల్లిలో కొన్న కొత్త చీర ఇంకా కవర్లోనే ఉంది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది.

జూన్ 5

గుడ్లు పగిలాయి. నాలుగు పిల్లలూ తల్లి వెంట నీళ్లవైపు పోతున్నాయి. ఫొటో తీశాను. పంపలేదు.

జూన్ 9

పంపాను. ఎన్నాళ్లని బిగుసుకుని ఉంటాను.

జూన్ 18

ఎండలకు అక్కడ మధ్యాహ్నం రెండున్నర గంటలు పని బంద్ పెట్టారట. పని ఆపగానే, మన టైంలో రెండింటికి ఫోన్ చేశాడు. గాలంతా తడేనట. పిట్టలు గొంతు ఆడించినా చల్లబడవట, మనిషికి చెమట పట్టినా ఆరదట. ఎగరడం మానేసి, రెక్కలు ఎడంగా పెట్టుకొని నీడలో నిలబడుతున్నాయట. అతని గొంతు పీలగా ఉంది. నాకు మాట్లాడ చాతనైతలేదు, నువ్వే మాట్లాడు సుమా, నేను వింట అన్నాడు.

సెప్టెంబర్ ఎప్పుడొస్తుందో. నువ్వు కావాలి నాకు.

జూన్ 19

రెండింటికి మళ్లీ. ఏం చెప్పానో గుర్తు లేదు. మధ్యలో నిద్రపోయాడు. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. నాలుగున్నర దాకా అతని ఊపిరి వింటూ, కదలకుండా కూచున్నాను.