గాలిమర శశికాంత్ గారికే

నేను కొమ్మోజు శేషమ్మను. వయసు డెబ్బై తొమ్మిది. కీర్తిశేషులు రాఘవులు గారి భార్యను. టెక్సస్‌లో ప్లేనోకి ఉత్తరాన, కారులో గంట దూరంలో, కూతురు శాంతి, అల్లుడు శశికాంత్ గారి ఇంట్లో ఉంటున్నాను. మనవరాలు సాన్వితో కలిపి నలుగురం. నాకు చదువు రాదు. మతి మాత్రం బాగుంది. పొద్దున ఎన్ని మాత్రలు వేసుకున్నానో, ఎవరు నన్ను ఏ మాట అన్నారో, రెండూ గుర్తే. ఎవరి బలవంతమూ లేకుండా చెబుతుంటే పక్కవీధి విజయశ్రీ రాస్తున్నది. ఆమెకు ఇందులో భోజనం తప్ప ఏమీ రాదు. నా మాటలను మర్యాదగా మార్చవద్దని ముందే చెప్పాను.

ఇంతకుముందు వీలునామా ఏదీ లేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత సాన్వికి ఇస్తున్నాను. దానికి ఇరవై రెండేళ్లు. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది గానీ మాట తప్పదు.

1. నా చేతి బంగారు గాజులు రెండు జతలూ శాంతికి. కరిగించి కొత్త మోడల్ చేయించుకోకే. ఒకదానికి ఉన్న సొట్ట పళ్లొచ్చే రోజుల్లో నువ్వు కొరికినది.

2. ప్లెయిన్స్‌బరోలో ఉన్న నా కొడుకు రఘుకు మా నాన్న కొలిమి సుత్తి. గాలిమర నీకు రాదు. "అమ్మా, ఆ తుప్పుని ఏదైనా రెస్టారెంట్ ముందు పెట్టిద్దాం, మోటార్ ఫిక్స్ చేస్తే జనం ఫొటోలు దిగుతారు" అన్నావు ఫోనులో. ఆ తుప్పు గీకింది నేను. మోటారుతో తిరిగేదాన్ని ఫ్యాన్ అంటారు. కోపం లేదు. ఉన్నా కొంచెమే.

3. పెరట్లో నీళ్లు తోడే గాలిమర, ముప్పై అడుగుల ఇనుప టవర్, పద్దెనిమిది రేకుల చక్రం, తోక, గేర్ పెట్టె, బోరులో దిగిన రాడ్డు, పంపుతో సహా సర్వహక్కులతో నా అల్లుడు శశికాంత్ గారికి చెందాలి. ఈ ఇల్లు అమ్మిన వాల్టర్ తాత, గడ్డిలో ముక్కలుగా పడి ఉన్న దాన్ని పట్టించుకున్నది నేనొక్కదాన్నేనని నా పేరనే రాసిచ్చాడు. ఆ కాగితం పూజ అలమరలో ఉంది.

కొడుకుండగా అల్లుడికెందుకని అడిగేవాళ్లు ఇది వినాలి. దాన్ని మళ్లీ నిలబెడదామని విప్పుతుంటే పళ్ల చక్రం ఇరుసును కరుచుకుపోయింది, అల్లుడుగారు వీడియోలు చూసి రెండు శనివారాలు సుత్తితో బాదారు. నేను కమ్మరి ఇంటి పిల్లను, పదేళ్లకే తిత్తి కొట్టినదాన్ని. బండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి ఎక్కించడం చూసినదాన్ని. పార్టీలకు బిర్యానీ వండే గ్యాస్ పొయ్యి తెప్పించి, చక్రాన్ని కాల్పించి, ఇరుసుకు తడిగుడ్డ చుట్టించాను. రెండు దెబ్బలకు ఊడి వచ్చింది. "అత్తయ్యగారూ, మా టీమ్‌లో మీరుంటే ప్రాజెక్ట్ ఎప్పుడో డెలివర్ అయ్యేది" అన్నారు. నన్నొకరు తమతో కలుపుకొని లెక్కపెట్టడం అదే మొదటిసారి.

4. ఇది నా తప్పు గురించి. గేర్ పెట్టెను టవర్ పైకి ఎక్కించే ముందు రోజు, అందరూ కంప్యూటర్ల ముందుండగా, ఆయన పోసిన నూనె వంపేసి ఆముదం నింపాను. ఆ నూనె నా కంటికి నీళ్లలా పల్చగా ఉంది. మా ఊళ్లో బండి ఇరుసుకు ఆముదమే. మా ఊళ్లో మంచు పడదన్న సంగతి తట్టలేదు. 2021 ఫిబ్రవరిలో వారం రోజులు గడ్డకట్టే చలి వచ్చింది. ఆముదం ముద్దయింది, పైన గాలి తోసింది, లోపల పళ్లు విరిగాయి.

"మీ నీళ్ల నూనె వల్లే" అని అరిచాను ఆయన మీద. తర్వాత గృహప్రవేశాల్లో అన్నాను, కాపెల్‌లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లి ప్రసాదం చేతిలో పెట్టుకుని అన్నాను. ఆయన నవ్వి "అవునండీ, నా తప్పే" అనేవారు. విరిగిన పెట్టెను ఒక్కరే కడిగి, కొత్త పళ్లు వేసి మళ్లీ తిరిగేలా చేశారు, నన్ను దగ్గరికి రానివ్వలేదు. అలిగారనుకున్నాను.

ఈ ఆగస్టులో షెడ్డులో డబ్బా వెతుకుతుంటే ఆవకాయ సీసా ఒకటి దొరికింది. లోపల చిక్కటి నూనె, మీద కాగితం. సాన్వి చదివింది: గేర్ బాక్స్, ఫిబ్రవరి 2021, కాస్టర్ ఆయిల్. అంటే ఏమిటే అన్నాను. "అమ్మమ్మా, నీ హెయిర్ ఆయిల్!" అంది.

నాలుగేళ్లు ఆ సీసా నేను వచ్చిపోయే షెడ్డులోనే ఉంది. నాకు చదవడం రాదని ఆయనకు తెలుసు. చదవగలిగిన శాంతికి మాత్రం ఒక్కసారీ చూపించలేదు. మూడుసార్లు ఎదురుగా చెప్పబోయాను. "కాఫీ తాగుతారా" అని వచ్చింది నోటికి.

5. పంపులోకి నేను కోసి, నూనె పట్టించి ఉంచిన తోలు వాషర్లు పన్నెండూ సాన్వికి. నీళ్లు తగ్గితే పాతవి తీసి కొత్తవి వెయ్యి. మీ నాన్నను ఒంటరిగా టవర్ ఎక్కనివ్వకు, ఆయనకు యాభై మూడు.

6. ఏడాదికోసారి గేర్ పెట్టెలో నూనె మార్చాలి. ఏ నూనె అన్నది శశికాంత్ గారి ఇష్టం. నేను దెయ్యమై వచ్చి చెప్పినా సరే, వేరేది పోయకూడదు.

7. ఎవరెవరి ఇళ్లలో ఆయనను ఆ మాట అన్నానో వాళ్లందరినీ పిలిచి నాలుగో అంశం బిగ్గరగా చదవాలి. రఘు ఫోనులోనైనా వినాలి. మధ్యలో ఆయన "పోనివ్వండి" అంటారు. ఆపవద్దు.

వేలిముద్రకు విజయశ్రీ సిరా తెచ్చింది, వద్దన్నాను. ఆ సీసాలో ఆముదంతో నిన్న దీపం పెట్టి మసి పట్టాను. నా వేలికి అదే సిరా. సీసాలో నూనె తగ్గిందని ఆయన కనిపెట్టేలోగా నేనే చెప్పేస్తానేమో. చెప్పినా సరే, ఇది అందరి ముందూ చదవాల్సిందే.

2025 నవంబరు 8, శనివారం.

చదివి వినిపించగా విని, ఒప్పుకుని వేసిన కొమ్మోజు శేషమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.

మా ఎదుట వేసినందుకు సాక్షులు:
మద్దిపట్ల తేజేశ్వర్, కాపెల్
అద్దేపల్లి జ్ఞానప్రసూన, ప్లేనో

చెప్పింది చెప్పినట్టు రాసినది: విజయశ్రీ